గోడమీది ఫోటోలో ఎవరు?

పిల్లలూ!

మీ ఇంట్లో గోడకు పాత ఫోటో ఏదైనా వేలాడుతున్నదా? ఉంటే ఈ పుటను కాసేపు పక్కన పెట్టి, దాని ముందు నిలబడి రండి. అందులో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టండి. తరవాత, వారిలో ఎందరి పేర్లు మీకు తెలుసునో అదీ లెక్క పెట్టండి.

రెండు లెక్కలూ ఒకటే అయితే మీరు అదృష్టవంతులు. చాలా ఇళ్లలో అట్లా జరగదు. అమ్మను అడిగితే, "నడుమ కూర్చున్నాయన మీ ముత్తాత. ఆ పక్కన నిలబడిన పిల్ల ఎవరో నాకూ తెలియదు. మీ అవ్వ ఉంటే చెప్పేది," అంటుంది.

ఈ మాటను కాస్త ఆలోచించండి. ఫోటో ఎక్కడికీ పోలేదు. అద్దం పగలలేదు, చెదలు పట్టలేదు. అయినా ఆ పిల్ల పేరు పోయింది. ఫోటో కళ్లకు కనిపిస్తుందేగాని నోరు విప్పి మాట్లాడదు. దాని తరఫున మాట్లాడే మనిషి ఇంట్లో ఉన్నంతకాలమే అది చరిత్ర. ఆ మనిషి వెళ్లిపోతే ఉత్త కాగితం. ఈ నెల మనం చెప్పుకోబోయేది ఆ మాటను నిలుపుకునే ఉపాయం గురించి.

మన కొండసీమ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం—ఈ మూడు ఊళ్లూ ఎత్తయిన నేలమీద, కొండల నడుమ ఉన్నవి. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ నాలుగువేల అడుగులకు పైబడిన ఎత్తు. పూర్వం దానిని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కడప జిల్లా కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర అక్కడ ఇల్లు కట్టుకోవటంతో ఆయన పేరు దానికి అంటుకున్నది.

"మదనపల్లె కొండకూ కడప కలెక్టరుకూ ఏమిటి సంబంధం?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. తిరిగి 2022లో చిత్తూరు జిల్లానుంచి విడిపోయి అన్నమయ్య జిల్లాలో చేరింది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. దాని చుట్టూ గీసిన గీతలే మారినవి. ఈ సంగతి మరిచిపోకండి. ఇంకాసేపటిలో మనకు పనికివస్తుంది.

పెద్ద చరిత్ర పుస్తకాలలో రాజధానులకూ యుద్ధాలకూ చోటు ఎక్కువ. చెరువు కట్ట వేసినవారికీ, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసి వేసినవారికీ, వేరుశనగ కాయలు ఒలిచినవారికీ చోటు తక్కువ. వారి చరిత్ర లేకపోలేదు. ఇనప పెట్టె అడుగున, పాత పెళ్లిపత్రికల నడుమ, బీరువా పైఅరలో దాగి ఉన్నది.

మూడు పనులు

ఊళ్ల చరిత్రను కూడబెట్టటం కొత్త పని కాదు. రెండువందల ఏళ్ల క్రితం కాలిన్ మెకంజీ అనే దొర దక్షిణదేశంలో నేలను కొలిచే పనిమీద తిరిగాడు. 1815లో ఆయన భారతదేశానికి మొట్టమొదటి సర్వేయరు జనరలు అయినాడు. నేల కొలతలతో ఆయనకు తృప్తి కలగలేదు. ఆ నేలమీద బతికినవారి కథ కూడా కావాలనుకున్నాడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసినవారు మన తెలుగువారే—కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి. గ్రామాల కరణాలనూ పెద్దలనూ అడిగి, ఊరి పుట్టుక, గుళ్లు, చెరువులు, పాలెగాళ్లు—అన్నీ వ్రాయించారు. వీటినే కైఫీయతులు అంటారు. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆ తరవాత కడపలో కాపురమున్న సి. పి. బ్రౌన్ దొర తెలుగు కైఫీయతులకు శుభ్రమైన ప్రతులు వ్రాయించాడు.

ఇందులో మూడు పనులున్నవి చూడండి. మొదటిది అడగటం. రెండవది వ్రాయటం. మూడవది ప్రతి తీయటం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరగకపోయినా ఆ కథలు ఇవాళ మనకు అందేవి కావు.

మెకంజీ కాలానికి ఫోటో లేదు. ఆ విద్య లోకానికి వెల్లడి అయింది 1839లో. తరవాత కొన్ని ఏళ్లకే అది మన దేశానికీ వచ్చింది. హైదరాబాదులో ఆరవ నిజాంకు ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ఉన్న రాజా దీనదయాళ్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన తీసిన ఫోటోల గాజుపలక నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నవి. అవి నవాబుల కోటలు, దొరల వేటలు. మరి మామూలు మనుషుల ఫోటోలు? పొరుగున తమిళనాడులో పాత స్టూడియోలలోనూ ఇళ్లలోనూ ఉన్న కుటుంబాల ఫోటోలకు, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థవారు ఊరూరా తిరిగి డిజిటల్ ప్రతులు తీశారు. అటువంటి పని మన ఊళ్లలో మనం చేసుకోరాదా? మీ ఇంటివరకు మీరే మెకంజీ, మీరే బొర్రయ్య.

ఒక తేదీ చేసిన మేలు

మదనపల్లె పిల్లలు గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటున్నది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు వచ్చి, అనీ బిసెంటు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు ఉన్నారు. ఐర్లండు దేశపు కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు అక్కడ ప్రిన్సిపాలు. ఒక సాయంకాలం ఠాగూరు 'జనగణమన' పాడి వినిపించారు. విద్యార్థులు గొంతు కలిపారు. ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం నేర్చిన ఆమె. ఆ బాణీకి ఆమె స్వరలిపి వ్రాసింది. ఠాగూరు ఆ పాటను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు.

ఈ సంగతి వంద ఏళ్ల తరవాత కూడా మనం ధైర్యంగా ఎట్లా చెప్పగలుగుతున్నాము? ఆ తర్జుమా ఠాగూరు స్వహస్తంతో వ్రాసినది. దానికి 1919 ఫిబ్రవరి 28 అనే తేదీ ఉన్నది. అక్కడ ఉన్న కజిన్స్ దంపతులు చూచినదీ విన్నదీ వ్రాసిపెట్టారు. చిన్న తేదీ, నాలుగు మాటలు—వాటి బలం అంత! అదే తేదీ లేకపోతే ఈపాటికి "మా ఊళ్లో జరిగిందట", "కాదు, మా ఊళ్లోనట" అని వాదాలు పడేవారము.

మహనీయుల విషయంలో తేదీ వ్రాయటానికి పదిమంది ఉంటారు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి ఫోటోలు దేశదేశాలలో ఉన్నవి. వాటి కింద ఏ ఏడు, ఏ ఊరు అని వ్రాసి ఉంటుంది. మీ ముత్తాత ఫోటోకు తేదీ వ్రాసేవారు మీరు తప్ప మరెవరూ లేరు.

ఫోటోను చదవటం

వ్రాసి లేనప్పుడు ఏమి చేయాలి? అప్పుడు ఫోటోనే చదవాలి. అక్షరాలు చదివినట్టే, ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి, తొందర లేకుండా. భూతద్దం దొరికితే మరీ మంచిది.

ముఖాలు తరవాత చూడవచ్చు. ముందు వెనక ఉన్నవాటిని చూడండి. గోడమీద బోర్డు ఉన్నదా? "కడప జిల్లా, మదనపల్లె" అని ఉంటే అది 1911కు ముందు వ్రాసిన బోర్డు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. ధర అణాలలో ఉన్నదా? మనకు నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిల్‌లో. కొంతకాలం రెండూ కలిసి నడిచినవి గనుక, అణాలు కనిపిస్తే ఆ ఫోటో ఆ రోజులదో, అంతకు ముందుదో అయి ఉంటుంది. బాటపక్క రాయిమీద మైళ్లు ఉన్నవా, కిలోమీటర్లా? వీధిలో కరెంటు స్తంభం ఉన్నదా, లేదా? ఇవన్నీ సాక్షులే.

తరవాత ఫోటో వెనకకు తిప్పి చూడండి. స్టూడియోవారి ముద్ర ఉంటుంది. కుప్పం పిల్లలకు ఇది మరీ ముఖ్యం. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్నది. జోలార్‌పేటనుంచి కుప్పం మీదుగా బెంగుళూరు పోయే రైలుదారి 1864లోనే వేశారు. ఆ దాపున కోలారు బంగారు గనులుండేవి. చుట్టుపక్కల తెలుగు, తమిళ పల్లెలనుంచి ఎంతోమంది అక్కడికి కూలికి పోయారు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కనుక కుప్పం సీమ ఇళ్లలో ఫోటో వెనక అరవంలోనో కన్నడంలోనో ముద్ర కనిపిస్తే ఆశ్చర్యపోకండి. "ఇది మనది కాదు" అని పక్కన పెట్టకండి. మీ తాత గనిలోకి దిగిన రోజుల ఆనవాలు అదే కావచ్చు.

ఫోటోలో లెక్కలు కూడా చేయవచ్చు. పుంగనూరు ఆవు పొట్టిజాతి అని మీకు తెలుసును. దాని ఎత్తు సాధారణంగా 70 నుంచి 90 సెంటీమీటర్లు. పాలలో వెన్న ఎక్కువ. ఈ జాతి తగ్గిపోతూ వస్తే, పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రంలో దానిని కాపాడుతూ వచ్చారు. ఇప్పుడు, మీ ఇంటి పాత ఫోటోలో తాత పక్కన ఒక ఆవు నిలబడి ఉన్నదనుకోండి. అది పుంగనూరు ఆవేనా? స్కేలు తీసుకొని కొలవండి. కాగితంమీద తాత 4 సెంటీమీటర్లు, ఆవు మూపురం దాకా 2 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాము. అంటే ఆవు తాతలో సగం. తాత ఐదున్నర అడుగుల మనిషి అయితే ఆవు రెండడుగుల తొమ్మిది అంగుళాలు, సుమారు 84 సెంటీమీటర్లు. లెక్క సరిపోయింది! కాని ఒక షరతు: ఇద్దరూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. ఆవు వెనకగా ఉంటే ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. దూడ కాదు గదా అన్నది కూడా చూచుకోవాలి.

కొన్ని ఫోటోలు మనిషి ఎట్లా బతికాడో చెపుతవి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగులకోసం 1915లో శానిటోరియం తెరిచారు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి—ఇవే చికిత్స. అందుకే ఆ కాలపు శానిటోరియం ఫోటో ఏ దేశానిదైనా, వరండాలలో మంచాలు వరసగా వేసి ఉండటం తరచు కనిపిస్తుంది. రోగులను ఆరుబయట ఎందుకు పడుకోబెట్టారా అని మనకు జాలి కలుగుతుంది. కారణం తెలిస్తే అదే ఫోటో ఒక వైద్యశాస్త్ర పాఠం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. మీ భుజంమీద ఉన్న చిన్న మచ్చ ఆ టీకాదే.

అంచున నిలబడినవారు

జమీందారీల కాలంలో పుంగనూరు వంటిచోట్ల పెద్దల ఫోటోలు పెద్ద చట్రాలలో ఉండేవి. నడుమ కుర్చీలో కూర్చున్నవారి పేరు అందరికీ తెలుసును. గుర్రం కళ్లెం పట్టుకున్నవాడి పేరు? గొడుగు పట్టినవాడి పేరు? ఫోటో తీసేటప్పుడు వాళ్లు అంచున నిలబడ్డారు. చరిత్ర కూడా వాళ్లను అంచుననే వదిలేసింది.

నేను పనిచేసిన ఒక బడిలో ఏడో తరగతి పిల్లవాడు తన అవ్వ పెళ్లిఫోటో తెచ్చాడు. నీరుగట్టువారిపల్లె నేతపనివారి బిడ్డ. ఫోటోలో కుర్చీ వెనక ఒక చెయ్యి మాత్రం ఉన్నది. మనిషి లేడు. "ఇది ఎవరి చెయ్యి?" అని పిల్లలందరూ అడిగారు. వాడికి తెలియదు. "అవ్వను అడిగి వ్రాసుకొని రా," అన్నాను.

మరునాడు వాడు ఒక పుట నిండా వ్రాసుకొని వచ్చాడు. ఆ చెయ్యి వారి మగ్గానికి పడుగుపోగులు అతికే మనిషిది. "నువ్వూ రా!" అని పిలిస్తే, "నేనెందుకమ్మా ఫోటోలోకి," అని సిగ్గుపడి, కుర్చీ కదలకుండా పట్టుకొని పక్కకు వంగినాడట. ఇంకో సంగతి. అవ్వ కట్టుకున్న పట్టుచీర ఆమె తండ్రి నేసిందే, కాని ఆమెది కాదు. ఫోటో తీయించుకొని, మడత పెట్టి, సాయంకాలానికి షావుకారుకు అప్పజెప్పారట!

ఆ ఏడు గడవకముందే అవ్వ పోయింది. ఆమె చెప్పిన మాట ఆ నోటుపుస్తకంలో ఉన్నది. పోగులు అతికిన మనిషి పేరు కూడా ఉన్నది. ఆ పేరు నేను ఇక్కడ వ్రాయను. అది ఆ ఇంటి సొత్తు. మీ ఇంట్లో అటువంటి చెయ్యి ఎవరిదో మీరు కనుక్కోవాలి.

వెండి బొమ్మ

ఇక కొంచెం సైన్సు. పాత నలుపు తెలుపు ఫోటోలో నలుపు ఏమిటో తెలుసునా? వెండి! ఫోటో కాగితంమీద జెలటిన్ అనే జిగురు పూత ఉంటుంది. అందులో వెండి లవణాలు ఉంటవి. వెలుతురు తగిలిన చోట, డార్కురూములో మందునీళ్లలో ముంచినప్పుడు, ఆ లవణం సన్నని వెండిరేణువులుగా మారుతుంది. అంత సన్నని వెండి మెరవదు, నల్లగా కనిపిస్తుంది. మిగిలిన లవణాన్ని 'హైపో' అనే మందుతో తీసివేస్తారు. ఆ హైపోను నీళ్లతో బాగా కడగకపోతే ఫోటో కొన్నేళ్లకు పసుపు తిరుగుతుంది.

ఇది తెలిస్తే, ఏమి చేయకూడదో మీకే తెలుస్తుంది. జెలటిన్ తేమకు ఉబ్బుతుంది. కనుక తడిగుడ్డతో తుడవకూడదు. ఫోటో అద్దానికి అతుక్కొని ఉంటే లాగకూడదు. బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. ఎండ తగిలే గోడకు తగిలించకూడదు. లామినేషను చేయించకూడదు, చేయిస్తే మళ్లీ విడదీయలేము. జిగురుతో పుస్తకంలో అంటించకూడదు. శుభ్రమైన పొడి కాగితం కవరులో పెట్టి, చెదలు రానిచోట దాచాలి.

వెనక వ్రాయటానికి మెత్తని పెన్సిలు వాడండి. సిరా ఊరుతుంది, బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీత లేస్తుంది. నున్నని ప్లాస్టిక్ పూత ఉన్న ఈ కాలపు ఫోటోలమీద పెన్సిలు పడదు. వాటికి విడిగా చీటీ వ్రాసి అదే కవరులో ఉంచండి.

పెద్దలకు ఒక మాట

ప్రతి తీయటానికి ఇప్పుడు సెల్‌ఫోను చాలును. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడనిచోట, ఫోటోను బల్లమీద పరచండి. ఫ్లాషు ఆపి, ఫోనును సరిగ్గా దానికి ఎదురుగా పట్టి తీయించండి. వెనకవైపు కూడా తీయించండి. వాట్సాపులో మామూలుగా పంపితే బొమ్మ చిన్నదై వివరాలు పోతవి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. రెండు ఇళ్లలో రెండు ప్రతులు ఉంచండి. వేరేవారి ఫోటో అయితే అడిగి తీయండి, అసలును వెంటనే తిరిగి ఇవ్వండి, వారు వద్దంటే పదిమందికీ పంపకండి. పిల్లవాడు అవ్వతో కూర్చుని అడిగే ఆ అరగంట "చదువు చెడుతున్నది" అని లేపకండి. అదీ చదువే.

ఈ నెల పని

పిల్లలూ, ఇప్పుడు మీ వంతు. ఒక్క ఫోటో తీసుకోండి. ఇంట్లోనో వీధిలోనో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఈ ఆరు ప్రశ్నలు అడగండి:

1. ఇందులో ఎవరెవరు ఉన్నారు? ఎడమనుంచి కుడికి చెప్పండి.
2. ఇది ఏ ఊరు, ఏ చోటు?
3. ఏ సంవత్సరం? గుర్తులేకపోతే, ఎవరి పెళ్లికి ముందు, ఏ కరువుకు తరవాత?
4. ఎవరు తీశారు? ఎందుకు తీయించారు?
5. ఆ రోజు ఉండి కూడా ఫోటోలో లేనివారు ఎవరు?
6. ఇందులో ఉన్న వస్తువులలో ఇప్పుడు కూడా ఉన్నది ఏది?

వారు చెప్పింది చెప్పినట్టే, వారి మాటల్లోనే వ్రాయండి. దిద్దకండి. ఇద్దరు రెండు రకాలుగా చెపితే రెండూ వ్రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన గుర్తు పెట్టండి. చివర మీ పేరు, తేదీ వేయండి.

వెలుపల తీసిన ఫోటో అయితే మరొక పని కూడా చేయవచ్చు. అది ఎక్కడ నిలబడి తీశారో వెతికి, అక్కడే నిలబడి, అదే దిక్కుకు ఇవాళ మరొకటి తీయండి. లోకంలో శాస్త్రజ్ఞులు మంచుకొండలమీద మంచు ఎంత కరిగిందో ఈ పద్ధతితోనే చూపుతున్నారు. మీ బసినికొండ మీదనో, మీ ఊరి చెరువు కట్టమీదనో చెట్లు పెరిగినవో, తరిగినవో మీకే తెలుస్తుంది.

సెలవుల దాకా ఆగుదామనుకోకండి. కాగితం ఇంకో యాభై ఏళ్లు ఉండగలదు. పేర్లు చెప్పగలిగే అవ్వకు ఇప్పుడే ఎనభై ఏళ్లు. ఈ సాయంకాలం ఆమె తీరికగా ఉంటుంది. పెన్సిలు చెక్కుకొని వెళ్లండి.